యాభై దాటాక ఈటీఎఫ్: లెక్క ఎక్కడ మారుతుంది

ఆమధ్య ఒక మిత్రుడు ఫోన్ తీసి తన ఈటీఎఫ్‌ల జాబితా చూపించారు. వయసు 52. మొదలుపెట్టాలి, మొదలుపెట్టాలి అనుకుంటూనే పదిహేనేళ్లు గడిచిపోయాయట. పోయినేడాది పట్టుబట్టి మొదలుపెట్టారు. మొత్తం పదకొండు ఈటీఎఫ్‌లు. "పదకొండు చోట్ల పెట్టాను, ఇక టెన్షన్ లేదు" అన్నారు. ఒక్కోదాన్నీ తెరిచి, లోపల ఏ కంపెనీల షేర్లు ఉన్నాయో ఇద్దరం కలిసి చూశాం. ఏడింటిలో మొదటి పది పేర్లలో ఆరేడు అవే పేర్లు. పైన లేబుల్ వేరు, లోపల సరుకు ఒకటే.

తర్వాత ఆయన అసలు ప్రశ్న అడిగారు: "ఇంతకీ ఈ వయసులో ఇది పనికొస్తుందా, ఆలస్యమైపోయిందా?"

దీనికి రెండు జవాబులు వినిపిస్తుంటాయి. ఎప్పుడు మొదలుపెట్టినా ఫర్వాలేదనేది ఒకటి. యాభై దాటాక షేర్ల జోలికే పోవద్దనేది రెండోది. రెండిట్లోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ లెక్క వెయ్యకుండా చెప్పే మాటలే. ఆలస్యంగా మొదలుపెట్టినప్పుడు ఈటీఎఫ్ పనిచేసే తీరు మారదు. మారేది దాని చుట్టూ ఉన్న లెక్క. ఏ ఈటీఎఫ్ కొన్నామన్నదానికంటే ఎంత దాస్తున్నాం, ఆ డబ్బు ఎప్పుడు కావాలి అన్నవే పెద్ద ప్రశ్నలవుతాయి.

గోదాములో సరుకు, చేతిలో రసీదు

ఈటీఎఫ్ అంటే ఎక్స్‌ఛేంజ్ ట్రేడెడ్ ఫండ్. చాలామంది డబ్బు ఒకచోట పోగై, దాంతో కొన్న షేర్లో, బాండ్లో, బంగారమో ఒక ఉమ్మడి మూటగా ఉంటే అది ఫండ్. ఆ మూటను చిన్నచిన్న యూనిట్లుగా చేసి, ఆ యూనిట్లను స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో మామూలు షేర్లలాగా కొనుక్కునే, అమ్ముకునే వీలు కల్పిస్తే ఈటీఎఫ్.

కెనడాలోని టొరంటో ఎక్స్‌ఛేంజ్‌లో ఇలాంటి యూనిట్లు 1990లోనే వచ్చాయి. అమెరికాలో 500 పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే సూచీ ఎస్ అండ్ పీ 500ను అనుసరించే ఈటీఎఫ్ 1993 జనవరిలో మొదలైంది. దాని రూపకర్తల్లో ఒకరైన నేథన్ మోస్ట్ అంతకుముందు సరుకుల వ్యాపారం చూసినవాడు. ఆ వ్యాపారంలో సరుకు గోదాములోనే ఉంటుంది, చేతులు మారేది రసీదు. అమ్మిన ప్రతిసారీ సరుకును బండెక్కించి దించక్కర్లేదు. షేర్ల మూటకు కూడా అలాంటి రసీదు ఉంటే ఎలా ఉంటుందన్నదే ఆయన ఆలోచన.

మరి రసీదు ధర సరుకు విలువకు దూరంగా పోకుండా ఆపేదెవరు? దీనికోసం కొన్ని పెద్ద ఆర్థిక సంస్థలకు ప్రత్యేక అనుమతి ఉంటుంది. ఒక యూనిట్ వెనకున్న షేర్ల విలువ 100, మార్కెట్లో ఆ యూనిట్ 103 పలుకుతోంది అనుకుందాం. అనుమతి ఉన్న సంస్థ బయట 100 పెట్టి ఆ షేర్లు కొని, ఫండ్‌కు అప్పజెప్పి, బదులుగా కొత్త యూనిట్ తీసుకుని 103కు అమ్ముతుంది. ఇలా అమ్మేవాళ్లు పెరిగేకొద్దీ ధర 100 వైపు దిగుతుంది. యూనిట్ 97కు పడితే ఇదే పని తిరగేసి చేస్తారు. వాళ్లు చేసేది లాభం కోసమే, మనకు దక్కేది సరైన ధర.

ఎక్కువ ఈటీఎఫ్‌లు ఏదో ఒక సూచీని ఉన్నదున్నట్టు అనుసరిస్తాయి. ఏ షేరు పెరుగుతుందో ఊహించే పని లేదు కాబట్టి నిర్వహణ ఖర్చు తక్కువ. ఇండెక్స్ మ్యూచువల్ ఫండ్లూ ఇదే పని చేస్తాయి. అమెరికా ఫండ్ సంస్థ వాన్‌గార్డ్ స్థాపకుడు జాన్ బోగుల్ మామూలు మదుపరుల కోసం అలాంటి ఫండ్‌ను 1976లోనే తెచ్చాడు. రెండిటికీ తేడా లోపలి సరుకులో లేదు, కొనే పద్ధతిలో ఉంది. ఇండెక్స్ ఫండ్‌ను రోజు చివర లెక్కగట్టిన విలువకు ఫండ్ సంస్థ నుంచే కొంటాం. ఈటీఎఫ్‌ను మార్కెట్ తెరిచి ఉన్నంతసేపు, ఆ క్షణం నడుస్తున్న ధరకు, బ్రోకర్ ద్వారా ఇంకొకరి నుంచి కొంటాం.

క్షణక్షణం ధర కనిపించడం వరమని ఈటీఎఫ్ ప్రకటనలు చెబుతుంటాయి. రిటైర్మెంట్ కోసం దాచుకునే మనిషికి దాంతో పనేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కంటికి కనబడని చిల్లర ఖర్చులు

నిర్వహణ ఖర్చు కాగితం మీద కనిపిస్తుంది. కనిపించనివి ఇంకో రెండున్నాయి. ఏ క్షణంలోనైనా అమ్మేవాడు అడిగే ధర, కొనేవాడు ఇస్తానన్న ధర వేరువేరుగా ఉంటాయి. అడిగేది 100.40, ఇచ్చేది 100 అనుకోండి. కొని వెంటనే అమ్మితే 40 పైసల వంతు పోయినట్టే. బాగా చేతులు మారే ఈటీఎఫ్‌లలో ఈ తేడా నామమాత్రం, ఎవరూ పట్టించుకోని ఈటీఎఫ్‌లలో ఎక్కువ. రెండోది బ్రోకర్ రుసుము. ప్రతి కొనుగోలుకూ 20 తీసుకునే చోట నెలకు 1,000 పెడితే అడుగు పెట్టకముందే 2 శాతం పోయింది. అదే 3,000 చొప్పున మూడు నెలలకోసారి కొంటే 0.67 శాతం.

ధర ఎప్పుడూ విలువకు అంటుకునే ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు. 2015 ఆగస్టు 24 ఉదయం అమెరికా మార్కెట్ తెరవగానే సూచీ 5 శాతం దాకా పడింది. చాలా షేర్లలో లావాదేవీలు ఆగిపోవడంతో, విలువను లెక్కగట్టాల్సిన సంస్థలు వెనక్కి తగ్గాయి. కాసేపు కొన్ని పేరున్న ఈటీఎఫ్‌లు కూడా మూడో వంతుకు పైగా పడిపోయిన ధరకు చేతులు మారాయి. కొద్దిసేపట్లో అంతా సర్దుకుంది. కానీ "ఏ ధరకైనా అమ్మెయ్" అని ముందే ఆర్డర్ పెట్టుకున్నవాళ్లకు ఆ ధరే ఖాయమైపోయింది. ఇంతకంటే తక్కువకు వద్దు అని ధర చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టినవాళ్లకు ఏమీ కాలేదు.

పదిహేనేళ్లలో చక్రవడ్డీ ఎంత పనిచేస్తుంది

లెక్కకు మిత్రుడినే తీసుకుందాం. 52లో మొదలుపెట్టి 67 దాకా, ఏడాదికి 12,000 దాస్తారు. రూపాయలనుకున్నా, డాలర్లనుకున్నా ఫలితం ఒకటే. ఏటా 7 శాతం రాబడి అనేది కేవలం ఊహ, ఎవరూ హామీ ఇచ్చింది కాదు. ప్రతి ఏడాది చివర జమ చేస్తే 15 ఏళ్లకు సుమారు 3,01,500 అవుతుంది. ఇందులో ఆయన చేతి డబ్బు 1,80,000. అంటే నూటికి 60 ఆయన దాచిందే, 40 మాత్రమే మార్కెట్ తెచ్చింది.

27 ఏళ్ల వ్యక్తి అదే మొత్తం, అదే రాబడితో 67 దాకా దాస్తే సుమారు 23,95,600. అందులో సొంత డబ్బు 4,80,000, అంటే అయిదో వంతు. మిగతా నాలుగు వంతులూ చక్రవడ్డీ పుణ్యం.

ఇక్కడే దారులు వేరవుతాయి. రాబడి 7 నుంచి 8 శాతానికి పెరిగితే 27 ఏళ్ల వ్యక్తి మొత్తం 30 శాతం పెరుగుతుంది. మన మిత్రుడి మొత్తం 8 శాతం పెరిగి 3,25,800 దగ్గర ఆగుతుంది. దానికి బదులు ఆయన దాచేదాన్ని పదో వంతు పెంచి ఏడాదికి 13,200 చేస్తే, ఏ కొత్త రిస్కూ లేకుండా 3,31,700 వస్తుంది. రాబడి మీద ఒక శాతం కోసం పడే తాపత్రయం కంటే జమలో పదో వంతు పెంపే ఎక్కువ తెచ్చిపెట్టింది. అదే పొదుపుతో రెండేళ్లు ఎక్కువ పనిచేస్తే 3,70,000 దాటుతుంది. పైగా ఆ డబ్బు నడిపించాల్సిన కాలం రెండేళ్లు తగ్గుతుంది.

ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు చాలామంది దీనికి ఎదురు వెళ్తారు. పోయిన కాలాన్ని రాబడితో పట్టుకోవాలని, బాగా పెరుగుతున్న ఏదో ఒక రంగం ఈటీఎఫ్ వెనక పడతారు. లెక్క మాత్రం ఆ పరుగుకు ఇచ్చే బహుమతి చిన్నదనే చెబుతోంది.

ఖర్చు విషయంలోనూ ఇదే తూకం. పై 7 శాతంలోంచి ఏటా 0.1 శాతం ఖర్చు పోతే చివరకు 2,99,200 చేతికొస్తుంది. 1.5 శాతం పోతే 2,68,900. తేడా 30,300. పదో వంతు ఎక్కువ దాచితే వచ్చేది ఎంతో, చవక ఫండ్ ఎంచుకుంటే మిగిలేదీ దాదాపు అంతే.

ఖరీదైన ఫండ్లు నడిపేవాళ్ల వాదన కూడా వినాలి. మార్కెట్ పడేటప్పుడు తాము కాస్త జాగ్రత్తపడి నష్టం తగ్గించగలమని, వయసు మీదపడినవాళ్లకు ఆ రక్షణే ముఖ్యమని అంటారు. అలా చేసేవాళ్లు లేకపోలేదు. చిక్కేమిటంటే, 1991లో ఆర్థికవేత్త విలియం షార్ప్ చూపించినట్టు, అందరు మదుపరులూ కలిస్తేనే మార్కెట్. కాబట్టి ఎంచి ఎంచి కొనేవాళ్లందరి సగటు రాబడి, ఖర్చులు తీయకముందు, మార్కెట్ రాబడే అవుతుంది. ఖర్చులు తీశాక దానికంటే తక్కువే. ఆ సగటును దాటే మేనేజర్‌ను ముందే పట్టుకోగలగడం మీద వాదనంతా నిలబడుతుంది.

ఇంకో చిన్న సంగతి. 14 శాతం వడ్డీ అప్పు నెత్తిన ఉండగా 7 శాతం ఊహ మీద డబ్బు పెట్టడం లెక్కకు నిలవదు. ఆ అప్పు తీర్చడమంటే ఖాయంగా 14 శాతం సంపాదించినట్టే.

గడువు రిటైరయ్యే రోజుతో ముగియదు

"నాకున్నది పదిహేనేళ్లే" అన్నారు మిత్రుడు. అది పొదుపు చేసే కాలం, డబ్బు పనిచేసే కాలం కాదు. 67వ ఏట మొదటి నెల ఖర్చుకు కావాల్సిన సొమ్ముకు 15 ఏళ్లే గడువు. 90వ ఏట కావాల్సిన సొమ్ముకు 38 ఏళ్లు. ఒకే ఖాతాలో ఉన్నా ఈ రెండూ ఒకటి కావు.

దూరపు సొమ్మును బ్యాంకులో భద్రంగా పెట్టినా ఒక రిస్క్ ఉంటుంది. ధరలు ఏటా 3 శాతం పెరిగితే 67వ ఏట 1,000కి వచ్చే సరుకు 90వ ఏట 1,974 అవుతుంది. యాభై దాటాక షేర్లు పూర్తిగా వద్దనే సలహా ఈ సంగతిని మరిచిపోతుంది. కాలం ఉంది కదా అంతా షేర్లలోనే పెట్టమనే సలహా ఇంకో సంగతిని మరిచిపోతుంది.

అవే రాబడులు, వరస వేరు

మూడేళ్ల రాబడులు తీసుకుందాం: ఒక ఏడాది 30 శాతం నష్టం, ఒక ఏడాది 10 శాతం లాభం, ఒక ఏడాది 20 శాతం లాభం. ఏ వరసలో వచ్చినా, ముట్టుకోకుండా ఉంచిన 1,00,000 చివరకు 92,400 అవుతుంది.

ఇప్పుడు ప్రతి ఏడాది మొదట్లో ఖర్చుకు 6,000 తీసుకునే మనిషిని ఊహించండి. నష్టం మొదటి ఏడాదే వస్తే: 94,000 కాస్తా 65,800 అయింది. 6,000 తీశాక 59,800, పది శాతం పెరిగి 65,780. మళ్లీ 6,000 తీసి, 20 శాతం పెరిగితే 71,736. అదే వరస తిరగబడి 20, 10 శాతం లాభాలు ముందొచ్చి నష్టం చివర వస్తే మిగిలేది 78,036. తీసుకున్న డబ్బు ఒకటే, రాబడులు ఒకటే. మూడేళ్లకే 6,300 తేడా. పడిన ధరకు అమ్మిన యూనిట్లు తర్వాత పెరిగే అవకాశం లేకుండా పోవడమే దీనికి కారణం.

దాచుకునేవాళ్లకు ఇది తిరగబడుతుంది. ఏటా మొదట్లో 10,000 చొప్పున పెట్టేవాళ్లకు నష్టం మొదట వస్తే చివరకు 34,440, నష్టం చివర వస్తే 23,940. పెట్టింది 30,000. అంటే మొదటివారికి లాభం, రెండోవారికి నష్టం. మూటలో పెద్దగా ఏమీ లేనప్పుడు మార్కెట్ పడటం మేలు, మూట నిండాక పడటం దెబ్బ.

రిటైర్మెంట్‌కు ముందు అయిదేళ్లు, తర్వాత అయిదేళ్లు ఇందుకే అంత కీలకం. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ల జీవితంలో మదుపు చేసే కాలంలో పెద్ద భాగం ఈ పదేళ్ల పక్కనే ఉంటుంది. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి దాకా ఎస్ అండ్ పీ 500 సుమారు 57 శాతం పడింది. పాత ఎత్తును 2013లో గానీ అందుకోలేదు. 35 ఏళ్లవాళ్లకు అవి చవగ్గా కొనుక్కునే ఏళ్లు. 2008లో రిటైరైనవాళ్లకు ఎంత కష్టకాలమో చెప్పక్కర్లేదు.

షేర్లు ఎంత, బాండ్లు ఎంత

ఇక్కడ నిపుణులు కూడా ఒక మాట మీద ఉండరు.

అందరికీ తెలిసిన సూత్రం: 100లోంచి వయసు తీసేస్తే మిగిలేది షేర్ల శాతం. 52 ఏళ్లకు 48. ఆయుర్దాయం పెరిగిందంటూ కొందరు 110 నుంచి, మరికొందరు 120 నుంచి తీసేస్తారు. 67 దగ్గరపడ్డాక 3,00,000 చేతిలో ఉండగా మార్కెట్ 57 శాతం పడితే, అంతా షేర్లలో పెట్టినవారికి మిగిలేది 1,29,000. 52 నాటి 48 శాతమే షేర్లలో ఉంచి, బాండ్లు కదలకుండా ఉన్నాయనుకుంటే 2,17,900. మొదటి మనిషి మళ్లీ 3,00,000 చేరాలంటే 133 శాతం పెరగాలి. రెండో మనిషికి 38 శాతం చాలు.

అయితే బాండ్లు ఎప్పుడూ కదలకుండా ఉండవు. బాండ్ అంటే అప్పు పత్రం. కొత్త అప్పులకు ఎక్కువ వడ్డీ వస్తుంటే పాత పత్రం ధర తగ్గుతుంది. ఫండ్ సమాచార పత్రంలో డ్యూరేషన్ అనే సంఖ్య ఉంటుంది. అది 7 అయితే, వడ్డీ రేట్లు ఒక శాతం పెరిగినప్పుడు ధర సుమారు 7 శాతం తగ్గుతుందని అర్థం. 2022లో అమెరికాలో షేర్ల సూచీ డివిడెండ్లు (కంపెనీలు వాటాదారులకు పంచే లాభం) కలిపి చూసినా 18 శాతం పడితే, బాండ్ల ప్రధాన సూచీ కూడా 13 శాతం పడింది. ఒకటి పడితే ఇంకొకటి ఆదుకుంటుందనుకున్నవాళ్లు ఆ ఏడాది నోట మాట రాక ఉండిపోయారు. బాండ్ ఈటీఎఫ్ అనగానే ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే అనుకునేవాళ్లు ఆ సంఖ్యను ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది.

పూర్తిగా తిరగేసిన వాదన కూడా ఉంది. రిటైర్మెంట్ ప్లానింగ్ నిపుణులు వేడ్ ఫావ్, మైకేల్ కిట్సెస్ 2014లో రాసిన పరిశోధన ప్రకారం రిటైరైన రోజుల్లో షేర్లు తక్కువ ఉంచి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోతే కొన్ని సందర్భాల్లో డబ్బు ఎక్కువ కాలం నిలుస్తుంది. వరస దెబ్బ ప్రమాదం మొదట్లోనే ఎక్కువ కదా. కాగితం మీద లెక్క బాగానే ఉంది. 75 ఏళ్ల మనిషి ఏటా షేర్లు పెంచుతూ పోతూ నిద్రపోగలరా అన్నదే అనుమానం.

ఈ సూత్రాలేవీ అడగని ప్రశ్న ఒకటుంది: మీకు వేరే ఆదాయం ఏముంది? నెలనెలా ఖాయమైన పెన్షన్ వచ్చే మనిషి దగ్గర పెద్ద బాండ్ ఉన్నట్టే. ఆయన ఈటీఎఫ్‌లలో షేర్ల వాటా ఎక్కువ ఉన్నా తట్టుకోగలరు. పెన్షన్ లేక, ఆ మూట మీదే బతకాల్సిన మనిషికి, వయసు అదే అయినా, అదే వాటా బరువవుతుంది.

ఒకేసారి పెద్ద మొత్తం చేతికొస్తే

ఈ వయసులో ఆస్తి అమ్మకమో, వారసత్వమో, ఉద్యోగం వదిలినప్పుడు వచ్చిన సొమ్మో ఒక్కసారిగా చేతికి రావచ్చు. అంతా ఒకేసారి పెట్టాలా, నెలకు కొంత చొప్పున పెట్టాలా? మార్కెట్లు ఎక్కువ కాలం పెరుగుతూ ఉంటాయి కాబట్టి, ఆగి పెట్టేవాళ్లు సగటున వెనకబడతారు. వాన్‌గార్డ్ సంస్థ 2012లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా గణాంకాలతో లెక్కవేస్తే, దాదాపు మూడింట రెండు సార్లు ఒకేసారి పెట్టడమే మెరుగ్గా తేలింది.

మిగతా మూడో వంతులో మన వంతు వస్తే? 30 ఏళ్లవాళ్లకు కోలుకునే కాలం ఉంది. 58 ఏళ్ల మనిషి జీవితకాలపు సొమ్మంతా పెట్టిన మూడో నెలలో మార్కెట్ పడితే, భయపడి అంతా అమ్మేసి మళ్లీ ఆ వైపు చూడకపోవచ్చు. వాయిదాల్లో పెట్టడం ఆ భయానికి కట్టే ప్రీమియం లాంటిది. సగటున కొంత రాబడి పోతుంది, బదులుగా మనిషి నిలబడతాడు.

పదకొండు ఎందుకు, ఒకటి చాలదా

మళ్లీ మిత్రుడి ఫోన్ దగ్గరికొద్దాం. విస్తృతమైన సూచీని అనుసరించే ఒక్క ఈటీఎఫ్‌లోనే వందల కంపెనీలుంటాయి. దాని పక్కన ఇంకో పెద్ద కంపెనీల ఈటీఎఫ్, టెక్నాలజీ ఈటీఎఫ్, డివిడెండ్ ఈటీఎఫ్ చేర్చినప్పుడు రిస్క్ పంచినట్టు కాదు, అవే కంపెనీల మీద పందెం పెంచినట్టు. నిజంగా వేరేది కావాలంటే వేరే దేశాలో, బాండ్లో, బంగారమో కావాలి.

ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో జపాన్ చెబుతుంది. అక్కడి నిక్కీ 225 సూచీ 1989 డిసెంబరు 29న 38,915 దగ్గర ముగిసింది. మళ్లీ ఆ స్థాయిని దాటింది 2024 ఫిబ్రవరి 22న. 34 ఏళ్లు! మధ్యలో వచ్చిన డివిడెండ్లను, పడిన ధరలకు నెలనెలా కొన్నవాళ్ల లాభాలను ఈ సంఖ్య చూపించదు, అది నిజమే. కానీ 1989లో 55 ఏళ్లకు మొత్తం సొమ్ము పెట్టిన మనిషికి ఆ సవరణ పెద్ద ఓదార్పేమీ కాదు.

ప్రపంచమంతా కలిపిన సూచీలు అందుకే ఉన్నాయి. వాటిలోనూ ఒక మెలిక. అభివృద్ధి చెందిన 23 దేశాల కంపెనీలుండే ఎంఎస్‌సీఐ వరల్డ్ సూచీలో మూడింట రెండు వంతులకు పైగా అమెరికా కంపెనీలదే. పేరులో ప్రపంచం ఉంది, బరువు ఒక వైపే ఉంది. ఆయా కంపెనీల మార్కెట్ విలువే అంత, మనం సరిదిద్దడానికి ఎవరం అనేవాళ్లున్నారు. ఇంత వాలు ప్రమాదమేనని, వేరే దేశాలవి విడిగా కలుపుకునేవాళ్లూ ఉన్నారు.

లెవరేజ్డ్ ఈటీఎఫ్‌ల సంగతి ఒక ఉదాహరణతో తేలిపోతుంది. ఇవి సూచీ కదలికకు రోజూ రెట్టింపు ఇస్తామంటాయి. ఆ "రోజూ" అన్న మాటలోనే ఉంది అంతా. సూచీ 100 నుంచి 10 శాతం పడి 90, మర్నాడు 11.11 శాతం పెరిగి మళ్లీ 100. రెట్టింపు ఈటీఎఫ్ 20 శాతం పడి 80, తర్వాత 22.22 శాతం పెరిగి 97.78. సూచీ మొదలైన చోటికే వచ్చింది, ఈటీఎఫ్ రాలేదు. ఇలాంటి ఊగిసలాట ఏడాదిలో ఎన్నిసార్లు జరుగుతుందో మార్కెట్ చూసేవాళ్లకు తెలుసు. ఇది రోజువారీ వ్యాపారుల పనిముట్టు. మిత్రుడి పదకొండులో ఇది కూడా ఒకటి ఉంది, పేరులో "2ఎక్స్" అని రాసి ఉన్నది.

చివరికి నెలకు ఎంత

1994లో అమెరికాకు చెందిన ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ 1926 నుంచి ఉన్న అక్కడి మార్కెట్ గణాంకాలు తిరగేసి ఒక సంఖ్య తేల్చాడు. రిటైరైన ఏడాది మూటలో 4 శాతం తీసుకుని, తర్వాత ఏటా ధరల పెరుగుదల మేరకు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోతే, షేర్లు బాండ్లు కలిసిన మూట కనీసం 30 ఏళ్లు నిలిచింది. తర్వాత ఆయనే ఆ సంఖ్యను కొంత పెంచాడు. అమెరికా చరిత్ర అదృష్టవంతుల చరిత్ర, ఇతర దేశాల్లో అంత నిలవకపోవచ్చని విమర్శ ఉంది. మూట 67లో మొదలైతే 30 ఏళ్లు అక్కర్లేదు, ఇంకాస్త తీసుకోవచ్చన్న వాదనా ఉంది. పన్ను ఏ దేశానికి ఆ దేశం వేరు, అది ఈ 4 శాతంలోంచే పోతుంది.

మిత్రుడి 3,01,500లో 4 శాతం ఏడాదికి 12,060. అంటే నెలకు సుమారు 1,005. ఆయన నెలకు దాచింది 1,000. పదిహేనేళ్లపాటు, 7 శాతం రాబడితో, నెలకు ఎంత దాచారో దాదాపు అంతే జీవితాంతం నెలకు తీసుకోవచ్చన్నమాట. వినడానికి హాయిగా ఉంది. కానీ ఈలోగా ధరలు ఏటా 3 శాతం పెరిగితే, ఆ 1,005 నేటి విలువలో 645 మాత్రమే. జీతంతో పాటు జమను కూడా ఏటా 3 శాతం పెంచుకుంటూ పోతే నెలకు 1,200 వస్తుంది, నేటి విలువలో సుమారు 770.

ఆ 645ను ఆయన కాగితం మీద రాసుకుని కాసేపు చూశారు. పదకొండు ఈటీఎఫ్‌ల గురించి మళ్లీ అడగలేదు. 15 కొట్టేసి పక్కన 17 అని రాసి, "ఇప్పుడెంత?" అన్నారు. 746.